సైకిల్ పందెం – చదువుల నిధి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఇవాళ ఈ బడిలో చదువుతూ, వెనక బెంచీల్లో కూర్చుని, ఈ పెద్దవాళ్ళు ఎప్పుడు ముగిస్తారా అని చూస్తున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. నేను చెప్పబోయేది ఎక్కువగా మీ గురించే.

నన్ను "అమెరికా అనుభవాలు" అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఈ రోజుల్లో అమెరికా గురించి మన ఊళ్ళో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలో ఒక ఇంటివాళ్ళు అక్కడే ఉన్నారు. నేను తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది, నాకంటే తాజా కబుర్లు మీ దగ్గరే ఉంటాయి. అందుకని అనుభవాలన్నీ వదిలేసి ఒకే ఒక్క సంగతి చెప్తాను. అది ఒక పందెం. పందెం అనగానే మన వైపు సంక్రాంతి గుర్తొస్తుంది. ఇందులో కోళ్ళూ లేవు, కాయడమూ లేదు. ఉన్నవి సైకిళ్ళు.

ఈ సంగతే ఎందుకు ఎంచుకున్నానంటే, స్వర్ణోత్సవ నిధితో ఏం చెయ్యాలన్న చర్చ మన సంఘంలో కొన్ని నెలలుగా నడుస్తోంది. బడికి ముఖద్వారం కట్టి దాతల పేర్లు చెక్కిద్దామని కొందరు అన్నారు. పది లక్షలు బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో పదో తరగతిలో మొదటి స్థానాలు వచ్చినవాళ్ళకు ఏటా నగదు బహుమతులు ఇద్దామని కొందరు అన్నారు. ఎవరి ఆలోచననూ తక్కువ చెయ్యను. నేను కళ్ళారా చూసిన ఒక పద్ధతి మీ ముందు పెడతాను. నిర్ణయం సభది.

నేను ఈ బడిలో 1984లో పదో తరగతి పూర్తి చేశాను. ఇంజనీరింగు అయ్యాక, 1991లో ఎమ్మెస్ చదవడానికి ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీకి వెళ్ళాను. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన చోటు అది. మన డెల్టాలో వరి ఎలాగో ఆ రాష్ట్రంలో మొక్కజొన్న అలాగ. కనుచూపు మేర అదే. ఆ మొక్కజొన్న చేల మధ్య జనానికి ఉన్న పెద్ద పిచ్చి మోటారు పందేలు. ఇండియానాపోలిస్ 500 అని ఒక కారు పందెం ఉంది. 1911 నుంచి జరుగుతోంది. రెండున్నర మైళ్ళ బాట మీద 200 చుట్లు, మొత్తం 500 మైళ్ళు, అంటే సుమారు 800 కిలోమీటర్లు. 33 కార్లు పోటీ పడతాయి. ఆ ఊరివాళ్ళకు మే నెల చివర వచ్చే ఆ పందెం మనకు తిరునాళ్ళ లాంటిది.

ఆ తిరునాళ్ళ గాలి యూనివర్సిటీలకూ సోకింది. మా పర్డ్యూలో 1958 నుంచి ఏటా గో-కార్టుల పందెం జరుగుతోంది. గో-కార్టు అంటే నేలకు ఆనుకుని పోయే చిన్న బండి, మనిషి కూర్చుంటే మోకాళ్ళు ముక్కుకు తగులుతాయి. విద్యార్థులే జట్లుగా ఏర్పడి బండి తయారు చేసుకుంటారు, వాళ్ళే నడుపుతారు, పందెం నిర్వహించే సంస్థను కూడా వాళ్ళే నడుపుతారు. గెలిచినవాళ్ళకు డబ్బు రాదు. మిగిలిన సొమ్ము విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు పోతుంది. పక్క గదిలో ఉండే కుర్రాడు ఒక జట్టులో ఉండేవాడు. రాత్రి రెండింటికి చేతులనిండా గ్రీజుతో వచ్చేవాడు. "గెలిస్తే నీకేమొస్తుంది?" అని అడిగితే, "ఎవడికో సెమిస్టరు ఫీజొస్తుంది" అన్నాడు. ఆ మాట నాకు కొత్తగా అనిపించింది. మన దగ్గర స్కాలర్‌షిప్పు అంటే పైనుంచి వచ్చేది. ప్రభుత్వం ఇవ్వాలి, లేదా ఒక పెద్దాయన ఇవ్వాలి. పక్క బెంచీవాడు సంపాదించి ఇవ్వడం నేనెప్పుడూ వినలేదు.

మాకు దక్షిణాన రెండు గంటల ప్రయాణంలో బ్లూమింగ్టన్ అనే ఊరుంది. అక్కడ ఇండియానా యూనివర్సిటీ. మాకూ వాళ్ళకూ ఆటల్లో ఎప్పటినుంచో పోటీ. వాళ్ళ దగ్గర ఇంతకంటే పాత పందెం ఉంది, అదీ సైకిళ్ళ మీద. దాని పేరు లిటిల్ 500, అంటే చిన్న ఐదు వందలు. ఏప్రిల్లో ఒకసారి మిత్రులతో కలిసి చూడ్డానికి వెళ్ళాను. తర్వాత ఉద్యోగం కూడా ఆ రాష్ట్రంలోనే చేశాను కాబట్టి చాలాసార్లు చూశాను. ఇవాళ చెప్పదలుచుకున్నది ఆ పందెం కథే.

కథ ఒక తండ్రి దగ్గర మొదలవుతుంది. హౌడీ విల్‌కాక్స్ అనే ఆయన 1919లో ఇండియానాపోలిస్ 500 గెలిచాడు. నాలుగేళ్ళకు, 1923లో, మరో పందెంలో ప్రమాదంలో చనిపోయాడు. ఆయన కొడుకు పేరూ హౌడీ విల్‌కాక్సే. ఆయన పెద్దవాడై, ఇండియానా యూనివర్సిటీకి విరాళాలు సేకరించే ఫౌండేషన్‌కు అధికారి అయ్యాడు. ఒకరోజు హాస్టలు చుట్టూ కుర్రాళ్ళు సైకిళ్ళతో పందెం వేసుకుంటుంటే, కిటికీల్లోంచి ఆడపిల్లలు కేకలేసి ప్రోత్సహించడం చూశాడని, అక్కడ ఈ ఆలోచన పుట్టిందని అందరూ చెప్పుకుంటారు. మొదటి పందెం 1951లో జరిగింది. తండ్రి గెలిచిన పందెం కొలతలనే కొడుకు చిన్నవి చేసి వాడుకున్నాడు. అక్కడ 33 కార్లు, ఇక్కడ 33 జట్లు. అక్కడ 200 చుట్లు, ఇక్కడా 200 చుట్లే. కాకపోతే ఇక్కడ చుట్టు పావు మైలు, మొత్తం 50 మైళ్ళు. కాలిన బొగ్గు నలుసులు పరిచిన నేల మీద తొక్కాలి. పడితే మోచేతులు, మోకాళ్ళు గీసుకుపోతాయి.

జట్టుకు నలుగురు. తొక్కేవాళ్ళు మారుతుంటారు. ఒకడు వేగంగా వచ్చి దూకేస్తుంటే, ఇంకొకడు పక్కన పరుగెత్తి నడుస్తున్న సైకిలు మీదికి ఎగిరి కూర్చుంటాడు. అలా పందెం మొత్తంలో కనీసం పదిసార్లు మారాలని నిబంధన. మన తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు మన బజారు మైదానంలోకి నాన్‌స్టాప్ సైకిలు తొక్కేవాళ్ళు వచ్చేవారు. రోజుల తరబడి దిగకుండా ఒకే చుట్టు తిరిగేవారు. తిండీ స్నానం సైకిలు మీదే. జనం చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేవారు. ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ సొమ్ము కూడబెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. తేడా ఏమిటంటే, బ్లూమింగ్టన్‌లో తొక్కేవాడి చొక్కాకు నోట్లు గుచ్చరు. వాటిని ఇంకొకడి ఫీజు రసీదుకు గుచ్చుతారు.

ఇంజనీరును కాబట్టి ఒక్క లెక్క చెప్పనివ్వండి, లెక్కల మాస్టారు కూడా ముందు వరుసలోనే ఉన్నారు. ఈ పందెంలో సైకిళ్ళన్నీ ఒకే రకం. నిర్వాహకులే ఇస్తారు. గేర్లు లేవు. చేతి బ్రేకుల్లేవు, పెడల్‌ను వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. పెడల్ దగ్గరి చక్రానికి 46 పళ్ళు, వెనక చక్రానికి 18. ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. ఒక చుట్టుకు సుమారు 73 సార్లు తిప్పాలి. రెండు వందల చుట్లకు దాదాపు పదిహేను వేల సార్లు. ఎంత ధనవంతుడి కొడుకైనా ఆ పదిహేను వేలల్లో ఒక్కటి కూడా కొనుక్కోలేడు. లక్ష రూపాయల సైకిలు తెచ్చుకుంటానంటే కుదరదు. నాకు ఆ పందెంలో అన్నిటికన్నా నచ్చింది ఆ నిబంధనే. పోటీ పెట్టేముందు సరంజామా సమానం చెయ్యాలన్న ఇంగితం అందులో ఉంది.

ఇక సొమ్ము సంగతి. ఈ పందేన్ని నడిపేది ఇండియానా యూనివర్సిటీ స్టూడెంట్ ఫౌండేషన్. సలహాకు, ఆడిటుకు పెద్దవాళ్ళు ఉంటారు గానీ, టిక్కెట్లు అమ్మడం, దుకాణాల చుట్టూ తిరిగి ప్రకటనలు తేవడం, బాట సిద్ధం చెయ్యడం, నియమాలు అమలు చెయ్యడం వంటి పనుల్లో విద్యార్థులే ముందుంటారు. వేలాది మంది స్టేడియం నిండా వచ్చి చూసే పండుగ అది. 2008లో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న రోజుల్లో బరాక్ ఒబామా కూడా వచ్చి చూశాడు. వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను మిగిలేది స్కాలర్‌షిప్పులకు. ఎవరికి స్కాలర్‌షిప్పులు అన్నదే నేను మీకు చెప్పదలుచుకున్న అసలు విషయం. క్లాసులో ఫస్టు వచ్చినవాడికని కాదు. బీదవాడినని కాగితం తెచ్చుకున్నవాడికనీ కాదు. చదువుకుంటూ, ఆ చదువు కోసం పని కూడా చేసుకుంటున్న విద్యార్థికి. మార్కులు కూడా బాగుండాలి, కాదనను. కానీ మొదట అడిగేది, "నువ్వు పని చేస్తూ చదువుకుంటున్నావా?" అని.

మన దగ్గర స్కాలర్‌షిప్పుకు రెండే తలుపులు ఉన్నాయి. ఒకటి ర్యాంకు, రెండోది ఆదాయ ధ్రువపత్రం. ర్యాంకు తలుపులోంచి వెళ్ళేవాడు చప్పట్ల మధ్య వెళ్తాడు. రెండో తలుపులోంచి వెళ్ళేవాడు తల దించుకుని వెళ్తాడు. మూడో తలుపు ఉండొచ్చన్న ఆలోచన నాకు బ్లూమింగ్టన్‌లో వచ్చింది. ఆ తలుపు మీద "పని చేసుకుంటూ చదివేవాళ్ళకు" అని రాసి ఉంటుంది. అందులోంచి వెళ్ళేవాడు తల ఎత్తుకుని వెళ్ళొచ్చు. నేనూ పర్డ్యూలో క్యాంపస్ భోజనశాలలో పళ్ళాలు కడిగాను. అక్కడ ఆ పనికి చిన్నతనం లేదు, క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి కూడా అదే పని చేసేది. పనిని లోపంగా కాక అర్హతగా చూసే స్కాలర్‌షిప్పు మన బడికి ఒకటుంటే బాగుంటుందనిపించింది.

మొన్న మాఘమాసంలో మన ఊళ్ళో ఒక పెళ్ళికి వచ్చాను. పంక్తిలో వడ్డించే పిల్లల్లో ఒకడు నన్ను గుర్తుపట్టి, "సార్, మీరు మా బళ్ళో జెండా పండక్కి మాట్లాడారు" అన్నాడు. రెండేళ్ళ క్రితం ఇక్కడే పదో తరగతి పాసయ్యాడట, ఐదు వందల పైన మార్కులు. ఇప్పుడు ఇంటరు. ముహూర్తాల రోజుల్లో క్యాటరింగుకు వెళ్తాడు, రాత్రి రెండింటికి ఇంటికి చేరతాడు, పొద్దున కాలేజీలో నిద్రపోతాడు. నాన్నకు ఆరోగ్యం బాగాలేదు. "మన సంఘం బహుమతికి దరఖాస్తు పెట్టలేదా?" అని అడిగాను. "అది ఫస్టు వచ్చినోళ్ళకి కదండీ" అన్నాడు, నా విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేస్తూ. వాడి మాటలో నిష్ఠూరం లేదు. మన బహుమతికి వాడికీ సంబంధం లేదని వాడు ఎప్పుడో తేల్చేసుకున్నాడు, అంతే. ఫస్టు వచ్చిన పిల్లకు మనం ఇచ్చే ఐదు వేలు ఆనందం. వాడికి అదే ఐదు వేలు పరీక్షల ముందు ఇరవై రాత్రుల నిద్ర.

ఇంజనీరింగుకు, డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. దానివల్ల చదువుకున్న పిల్లలు మన బడి నుంచే ఎందరో ఉన్నారు. కానీ చదువు ఆగిపోయేది ఎప్పుడూ పెద్ద ఫీజు దగ్గరే కాదు. బస్ పాసు దగ్గర, రికార్డు పుస్తకాల దగ్గర, హాస్టలు అడ్వాన్సు దగ్గర, కూలికి పోని రోజు ఇంట్లో తగ్గే మూడు వందల దగ్గర ఆగిపోతుంది. అలాంటి చోట చిన్న మొత్తం పెద్ద పని చేస్తుంది.

ఆ పందెం గురించి అంతా మంచే చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ వారం బ్లూమింగ్టన్‌లో తాగుడు, అల్లరి ఎక్కువని పేరుంది. ఇది చదువుల కోసం మొదలైందన్న సంగతి ఆ గొడవలో చాలామందికి గుర్తుండదు. రెండోది, వచ్చే సొమ్ము అక్కడి ఫీజుల ముందు చిన్నదే. అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి. మొదటి ముప్ఫై ఏడేళ్ళూ ఆ బాట మీద సైకిలు పందెం మగపిల్లలకే. 1955 నుంచి ఆడపిల్లలకు ఒక పోటీ పెట్టారు; ఏమిటనుకున్నారు? మూడు చక్రాల సైకిళ్ళ పోటీ! 1987లో ఒక ఆడపిల్లల జట్టు, మేమూ మగపిల్లల పందేనికే అర్హత సాధిస్తామని బరిలోకి దిగింది. కొద్దిలో తప్పిపోయింది. కానీ ఆ ప్రయత్నం ఊరికే పోలేదు. మరుసటి ఏడు, 1988లో, ఆడపిల్లలకు వాళ్ళ సొంత లిటిల్ 500 మొదలైంది. వంద చుట్లు, 25 మైళ్ళు. ఇప్పుడు శుక్రవారం ఆడపిల్లల పందెం, శనివారం మగపిల్లల పందెం. మనం మొదలుపెడితే ఆ ముప్ఫై ఏడేళ్ళు వృథా చెయ్యక్కర్లేదు, మొదటి రోజే మొదలుపెట్టొచ్చు.

ఈ పందెం మీద ఒక సినిమా కూడా వచ్చింది, 1979లో, 'బ్రేకింగ్ అవే'. రాసినవాడు స్టీవ్ టెసిచ్. యుగోస్లావియా నుంచి పద్నాలుగేళ్ళ వయసులో వలస వచ్చినవాడు. అదే యూనివర్సిటీలో చదివి, 1962లో గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టులో డేవ్ బ్లేజ్ అనే కుర్రాడు 200 చుట్లలో 139 ఒక్కడే తొక్కాడు. ఆ మిత్రుణ్ణి మనసులో పెట్టుకునే టెసిచ్ కథ రాశాడు, దానికి ఆస్కార్ వచ్చింది. సినిమాలో గెలిచేది యూనివర్సిటీ కుర్రాళ్ళు కాదు, ఊళ్ళో రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లలు. బ్లూమింగ్టన్ చుట్టుపక్కల సున్నపురాయి గనులున్నాయి. న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ బిల్డింగుకు రాయి ఆ ప్రాంతం నుంచే వెళ్ళింది. యూనివర్సిటీ భవనాలకు రాయి చెక్కినవాళ్ళ పిల్లలు ఆ యూనివర్సిటీ గేటు బయటే ఉండిపోవడం ఆ సినిమా కథలోని నొప్పి. సినిమా చూసిన ఉత్సాహంతో 1984లో నిజంగానే 'కట్టర్స్' అనే పేరుతో ఒక జట్టు పుట్టింది. 2007 నుంచి 2011 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. వీలైనవాళ్ళు ఆ సినిమా పిల్లలకు చూపించండి.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. నా ప్రతిపాదన చిన్నది. ఏటా సంక్రాంతి సెలవుల్లో, ఊరికి అందరూ వచ్చే రోజుల్లో, మన బడి మైదానంలో ఒక సైకిల్ పందెం పెడదాం. మైదానం చుట్టూ 200 మీటర్ల బాట పడుతుంది. యాభై చుట్లు, అంటే పది కిలోమీటర్లు. జట్టుకు నలుగురు, జట్టుకు ఒకే సైకిలు, అన్నీ ఒకే రకం. పదో తరగతి పిల్లలను పరీక్షల కోసం వదిలేద్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్ళు, ఇక్కడ చదివి ఇంటరుకు వెళ్ళినవాళ్ళు పాల్గొంటారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ అదే రోజు, అవే చుట్లు.

ఇందులో పెద్దవాళ్ళం మనమేం చేస్తాం? ఒక్కో బ్యాచ్ ఒక్కో జట్టును దత్తత తీసుకుంటుంది. మా 1984 బ్యాచ్ జట్టు ఒకటి, 1985 వాళ్ళ జట్టు ఒకటి. నలభై ఏళ్ళ క్రితం ఈ మైదానంలో కబడ్డీలో మిగిలిపోయిన లెక్కలు ఏమైనా ఉంటే అక్కడ తేల్చుకోవచ్చు. ఒక్కో బ్యాచ్ జట్టుకు పది వేలు చందా అనుకుందాం. ఇరవై బ్యాచ్‌లు ముందుకొస్తే రెండు లక్షలు. ఒక్కొక్కరికి పది వేల చొప్పున ఇరవై మంది పిల్లలు. పది లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా, ఏడాదికి డెబ్భై వేలు, అంటే ఏడుగురు. బ్యాంకు నిధి వద్దనను. అది ఉండాలి కూడా. 2020లో కోవిడ్ వల్ల బ్లూమింగ్టన్ పందేమే ఆగిపోయింది, మనకూ అలాంటి ఏడాది రావచ్చు. ఆ ఏడాది పిల్లల చదువు ఆగకుండా బ్యాంకు నిధి ఆదుకుంటుంది.

సైకిళ్ళు మాత్రం ఒక్కసారి కొనాలి. ఒక్కోటి ఆరు వేలు అనుకుంటే ఇరవైకి లక్షా ఇరవై వేలు. ముఖద్వారం ఖర్చులో ఇది ఎన్నో వంతో మీరే లెక్క వేసుకోండి. పందెం ఒక్క రోజు. మిగతా రోజులన్నీ ఆ సైకిళ్ళు దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చే పిల్లల దగ్గర ఉంటాయి. ముఖద్వారం కిందనుంచి వాళ్ళు నడిచి రావడం కంటే, ముఖద్వారం లేని గేటులోంచి సైకిలు మీద రావడం నాకు ఇష్టం.

ఇక నడిపేది పిల్లలే. చందా రసీదులు రాసేది, బజారులో దుకాణాలకు వెళ్ళి ప్రకటన అడిగేది, నియమాల పుస్తకం తయారు చేసేది, చుట్లు లెక్కపెట్టేది వాళ్ళే. డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది, ప్రధానోపాధ్యాయులు, సంఘం కోశాధికారి ఇద్దరి సంతకాలు లేనిదే రూపాయి బయటికి రాదు. పందెం అయిన వారంలో జమాఖర్చు నోటీసు బోర్డు మీద అంటించాలి. పద్నాలుగేళ్ళ వయసులో లక్ష రూపాయల లెక్క పైసాతో సహా గోడ మీద అంటించిన పిల్ల రేపు పంచాయతీ లెక్క అడగడానికి భయపడదు. ఎవరూ గెలవకపోయినా, ఆ ఒక్క చదువు చాలనిపిస్తుంది నాకు.

ఎంపిక సంగతి. దరఖాస్తులో పేరు పైన ఉండదు, లోపల కవరులో ఉంటుంది. పిల్లల కమిటీ పేర్లు చూడకుండా చదివి ఒక జాబితా తయారు చేస్తుంది, ఇద్దరు ఉపాధ్యాయులు సరిచూస్తారు. అందుకున్నవాళ్ళను వేదిక మీదికి పిలిచి, చెక్కు చేతిలో పెట్టి, ఫొటో తీసి పత్రికలో వెయ్యొద్దు. ఇది నా మనవి. ఫొటో కావాలంటే సైకిలు తొక్కినవాళ్ళది వేద్దాం. అందుకున్న పిల్లల ఖాతాలో డబ్బు చప్పుడు కాకుండా పడాలి.

ఈ మాట మొన్న కార్యవర్గంలో చెప్పినప్పుడు ఒక టీచరు గారు మంచి ప్రశ్న అడిగారు. "పని చేసే పిల్లలకు డబ్బిస్తామంటే, పిల్లల్ని పనికి పంపడాన్ని మనం మెచ్చుకున్నట్టు కాదా?" అని. నిజమే, ఆలోచించాల్సిందే. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు పనిలో ఉంటే వాళ్ళకు కావలసింది స్కాలర్‌షిప్పు కాదు, బడి. అది చట్టం చూసుకోవాలి, మనమూ చూసుకోవాలి. నేను చెప్పేది పదో తరగతి దాటి, ఇంటరూ డిగ్రీ చదువుతూ, ఇల్లు గడవక పేపర్లు వేసేవాళ్ళ గురించి, మిరపకాయ కోతలకు వెళ్ళేవాళ్ళ గురించి, క్యాటరింగుకు, బట్టల కొట్లోకి వెళ్ళేవాళ్ళ గురించి. మనం ఇచ్చే సొమ్ము పనిని పెంచడానికి కాదు, తగ్గించడానికి. పరీక్షల రెండు నెలలూ ఆ పని మానుకోగలిగేంత ఇవ్వాలి. అందుకే దరఖాస్తులో రెండే ప్రశ్నలు పెడదాం. నువ్వు ఏం పని చేస్తున్నావు? ఈ డబ్బొస్తే ఏ రోజులు మానుకుంటావు?

ఇంకో సందేహం, ఉపాధ్యాయుల మీద భారం. వాళ్ళకు ఇప్పటికే గుడ్ల లెక్కల లాంటి పనులెన్నో ఉన్నాయి. కాబట్టి వాళ్ళను అడిగేది సంతకాలు, సరిచూడటం, అంతే. హెల్మెట్లు, ప్రథమ చికిత్స, ఆ రోజు ఒక నర్సు, మంచినీళ్ళు, ఇవన్నీ మన సంఘం బాధ్యత. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్ళు ఈ సభలోనే కనీసం నలుగురు కనిపిస్తున్నారు, తప్పించుకోలేరు.

మిత్రులారా, యాభై ఏళ్ళ సంఘం మనది. ఈ యాభై ఏళ్ళలో బడికి గదులు కట్టాం, బెంచీలిచ్చాం, బోరు వేయించాం. ప్రతిసారీ మనం ఇచ్చాం, పిల్లలు వరసలో నిలబడి చప్పట్లు కొట్టారు. ఈసారి పిల్లలు పనిచేస్తే మనం చప్పట్లు కొడదాం. ఇవ్వడం ఎలాగో వాళ్ళకు ఇప్పుడే అలవాటైతే, వందేళ్ళ ఉత్సవం నాటికి ఈ సంఘాన్ని ఎవరు నడుపుతారన్న దిగులు మనకు ఉండదు.

వెనక బెంచీల్లో ఉన్న పిల్లలకు ఒక పని. నియమాల పుస్తకం మొదటి ప్రతి మీరే రాయండి. చుట్లు ఎన్ని, తొక్కేవాళ్ళు ఎన్నిసార్లు మారాలి, పడితే ఏం చెయ్యాలి, అన్నీ మీరే తేల్చండి. ఈ నెలాఖరులోగా ప్రధానోపాధ్యాయులకు ఇస్తే, కార్యవర్గం ముందు చదివించే పూచీ నాది.

మా 1984 బ్యాచ్ తరఫున మొదటి జట్టు చందా పది వేలూ ఇప్పుడే కోశాధికారి గారి చేతిలో పెడుతున్నాను. రసీదు మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలతో రాయించండి. 1985 బ్యాచ్ మిత్రులు మూడో వరుసలో నవ్వుతున్నారు. సంక్రాంతికి మైదానంలో కలుద్దాం, ఎవరు నవ్వుతారో చూద్దాం.